ఇనుప రాయికి నేను చూపిన విశ్వాసం

రేపు పొద్దున్న మీ యజమాని మిమ్మల్ని పిలిచి, చెయ్యకూడని పని ఒకటి చెయ్యమంటే, "చెయ్యనండీ" అనడానికి మీ దగ్గర ఏముంది?

ధైర్యం ఉందంటారా? నేనూ అలాగే అనుకున్నాను! ఇరవై ఆరేళ్ళ వయసులో నాకున్నంత ధైర్యం ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం. ప్రతి ఆదివారం ఏలూరు వెళ్ళి, కాలవ గట్టు మీదున్న పఠనాలయంలో బల్ల గుద్ది మాట్లాడేవాణ్ణి. రాళ్ళకు మొక్కేవాళ్ళనీ, ముహూర్తం కోసం బండి వదులుకునేవాళ్ళనీ, పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగేవాళ్ళనీ దులిపి వదిలేవాణ్ణి. పంతుళ్ళు లేచి వాదానికి దిగితే నాకు పండగ. సోమవారం పొద్దున్నే తాడేపల్లిగూడెం తిరిగొచ్చి, పసుపు రాసిన ఒక ఇనుప రాయి కింద నోరు మూసుకుని పనిచేసేవాణ్ణి. మూడు నెలల పాటు! ఆ మూడు నెలల సంగతీ, అవి ముగిసిన రోజు సంగతీ ఉద్యోగాల్లో ఉన్న కుర్రవాళ్ళకి చెప్పాలని ఇది రాస్తున్నాను. నన్ను వెనకేసుకు రావడానికి మాత్రం కాదు. ఆ అవకాశం ఈ కథలో ఎక్కడా లేదు.

నేను బియ్యం మిల్లులో బాయిలరు డ్రైవర్ని. కరెంటు మోటార్లు మా వైపు ఇంకా రాలేదు. ఊక మండించి, నీళ్ళు కాచి, ఆ ఆవిరితో ఇంజను నడిపేవాళ్ళం. అదే ఆవిరిని తొట్లలోకి వదిలి ధాన్యం ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, ఉప్పుడు బియ్యం ఆడేవాళ్ళం. అవి ముప్పైల మొదటి సంవత్సరాలు. ధాన్యం ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడుతున్న రోజులు. మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతున్నాయి. అటువంటప్పుడు ఉద్యోగం ఉన్నవాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడంటే తప్పు పట్టలేం. కానీ నేను భయంతో పట్టుకున్నానని ఒప్పుకోలేదు. విశ్వాసంతో పట్టుకున్నానని చెప్పుకున్నాను. పేరు మార్చుకుంటే పిరికితనం ఎంత అందంగా కనిపిస్తుందో!

మా మిల్లు యజమానిని అందరం బాబుగారనేవాళ్ళం. ఆయన చెడ్డవాడు కాడు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే చెడ్డ యజమాని దగ్గర విశ్వాసం అనే చిక్కే రాదు. మాది కొల్లేటి లంక. ఒక ఏడు నీళ్ళు ముంచెత్తి చేనూ గుడిసే పోయాక పని వెతుక్కుంటూ గట్టెక్కినవాణ్ణి. బాబుగారు నన్ను ఊక ఎగదోసే పనిలో పెట్టుకున్నారు. చదువుకున్న కుర్రాడినని తెలిసి, తన ఖర్చుతో పరీక్షకి పంపించి, బాయిలరు డ్రైవరు సర్టిఫికెట్టు తెప్పించారు. అది వచ్చిన రోజున నా చేతిలో పెట్టి, నేను చదువుకునేదాకా ఆగి, మళ్ళీ తీసుకుని తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. "భద్రంగా ఉంటుందయ్యా" అన్నారు. మా వైపు మిల్లుల్లో అదే పద్ధతి. డ్రైవరు మిల్లులో ఉంటాడు, డ్రైవరు కాగితం యజమాని పెట్టెలో ఉంటుంది. నేను దండం పెట్టి బయటికొచ్చాను.

ఇక మా ఫిట్టరుగారు. ఏభై దాటిన మనిషి. వట్లూరులో ఇల్లు, అక్కడి క్రైస్తవ గుడిలో పెద్ద. ఆయన పనిచెయ్యని మిల్లు ఈ రైలు దారి పొడుగునా లేదని చెప్పుకునేవారు. ఎక్కడా రెండేళ్ళు దాటి ఉండలేదు. మిల్లులో ఆయనకి 'పాసింజరు బండి' అని పేరు పెట్టారు. ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది, ఎక్కడా నిలవదు. ఆయన ముందే అనేవారు, ఆయన నవ్వేవారు. నాకు మాత్రం ఆయనంటే లోపల చిన్నచూపు. చేతి పనిలో ఆయనంతటివాడు లేడు. బాయిలరు గురించి నాకు తెలిసినదంతా ఆయన నేర్పిందే. అయినా, ఎప్పుడూ ఇంకో చోటు కోసం చూసే మనిషిని ఎలా గౌరవిస్తాం?

ఆదివారాలు ఇద్దరం ఒకే బండి ఎక్కేవాళ్ళం. నేను ఏలూరులో ఉపన్యాసానికి దిగిపోతే ఆయన వట్లూరుకి, గుడికి, వెళ్ళేవారు.

"ఏం తమ్ముడూ, ఇవాళ ఎవర్ని ఉతకబోతున్నావు?"

"మూఢనమ్మకాల్నండీ."

"గట్టిగా ఉతుకు. అక్కడ మా పాస్టరుగారు పాపాల్ని ఉతుకుతారు. రేపు పొద్దుటి బండి ఇద్దరం తెల్లగా ఎక్కుదాం."

ఒక ఆదివారం ఆయన గొంతు తగ్గించి చెప్పారు. "కొల్లేటి మురుగు పోవడానికి ఉప్పుటేరు దగ్గర పూడిక తీస్తున్నారు. పడవ మీద బాయిలరు పెట్టి తవ్వే యంత్రం వచ్చిందట. దానికి డ్రైవరు కావాలంటున్నారు. మీ లంకకి దగ్గర, జీతం ఇంతకంటే మెరుగు. నీ పేరు చెప్పనా?"

నాకు రోషం వచ్చింది. "బాబుగారిని వదిలేసి రమ్మంటారా?"

"ఆయన్ని వదలమనడం లేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి భోంచేసి రా. ఆ బాయిలర్ని వదలమంటున్నాను."

"అందరూ మీలాగే ఉంటారనుకోకండి. విశ్వాసం అని ఒకటుందండీ."

"ఉందిలే. నేను ఎక్కడ చేరినా, చేరిన వారంలోనే ఇంకో చోటికి ఒక దరఖాస్తు పడేస్తాను తమ్ముడూ. వెళ్ళినా వెళ్ళకపోయినా."

"ఎందుకండీ అలా?"

"తిన్న అన్నం ఒంటికి పడుతుంది" అని, మళ్ళీ ఆయనే అడిగారు. "నీ సర్టిఫికెట్టు ఎక్కడుంది?"

"బాబుగారి ఇనప్పెట్టెలో. భద్రంగా ఉంది."

"ఎవరికి భద్రం?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ సాయంత్రం పఠనాలయంలో నా ఉపన్యాసం అంశం ఏమిటో తెలుసా? స్వతంత్ర బుద్ధి! చప్పట్లు మారుమోగాయి.

ఆయన ఆ బాయిలర్ని వదలమనడానికి కారణం ఉంది. బాయిలరు నెత్తిన సేఫ్టీ వాల్వు అని ఒకటుంటుంది. లోపల ఆవిరి మితిమీరితే అది తనంతట తానే లేచి, ఎక్కువైనదాన్ని పైకి చిమ్మి, ఈల వేసి, మళ్ళీ కూర్చుంటుంది. పొడుగాటి కడ్డీకి తగిలించిన బరువు ఒకటి ఆ వాల్వుని అదిమి ఉంచుతుంది. ఎంత బరువుండాలో బాయిలరు చేసినవాడు లెక్కగట్టి పెట్టాడు. ఆ బరువు పెంచితే వాల్వు లేవవలసినప్పుడు లేవదు. మీకు తెలియవలసిన యంత్రశాస్త్రం ఇంతే.

దసరాకి ముందు ఒక పెద్ద సరుకు అందించాల్సి వచ్చింది. ఇంజనుకీ తొట్లకీ కలిపి ఆవిరి చాలడం లేదు. పెంచుదామంటే వాల్వు మాటిమాటికీ ఈల వేసి వదిలేస్తోంది. బాబుగారు ధాన్యం తూచే కాటా దగ్గర్నుంచి అరమణుగు రాయి ఒకటి తెప్పించారు. రాయంటే రాయి కాదు, ఇనుముతో పోతపోసిన తూకం. "రెండు రోజులే కదయ్యా, దాని మీద తగిలించు" అన్నారు.

తగిలించకూడదని నాకు తెలుసు. పరీక్షలో రాసి నెగ్గినవాణ్ణి. "అలాగేనండీ" అన్నాను. తగిలించాను.

రెండు రోజుల తర్వాత తీసేసేవాణ్ణేమో. కానీ మర్నాడే ఆయుధపూజ వచ్చిపడింది. పురోహితుడొచ్చి ఇంజనుకీ, బాయిలరుకీ, రంపానికీ, సుత్తికీ పసుపు కుంకుమలు పెడుతూ నిచ్చెనెక్కి, ఆ రాయికీ దిట్టంగా పసుపు రాసి, బంతిపూల దండ వేసి దిగాడు. వారంలో సరుకు బండెక్కిపోయింది. ఆ ఏడాదికి అంత లాభం ఇంకెవరికీ రాలేదని ఊళ్ళో అన్నారు. ఇంకేముంది! రాయి వచ్చిన వేళ మంచిదన్నారు. "పూజ చేసినదాన్ని మళ్ళీ దసరాదాకా కదపకూడదు" అని బాబుగారింట్లో పెద్దావిడ కబురు పంపింది. ఒక తూకపు రాయి నా కళ్ళ ముందే దేవుడైపోయింది. నేను ఏళ్ళ తరబడి బల్లలు గుద్ది చెబుతున్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరుకుతుందా? ఎక్కడా చెప్పలేదు. అది మా మిల్లు విషయం కదా!

ఆ పండగ రోజే మరో ఆచారం ఉండేది. బాబుగారు అందరికీ కొత్త పంచెలు పెట్టేవారు. తీసుకున్నవాళ్ళు ఇంజను చక్రం మీద చెయ్యి వేసి, "మళ్ళీ దసరాదాకా ఇక్కడే" అని ఒట్టు పెట్టుకునేవారు. నేనూ చెయ్యి వేశాను. మర్యాద కోసమని మనసుకి చెప్పుకున్నాను. ఫిట్టరుగారు పంచెలు కళ్ళకద్దుకుని పుచ్చుకున్నారు గానీ చక్రం దగ్గరికి రాలేదు.

"ఏమయ్యా, నువ్వు ఒట్టెయ్యవా?" అన్నారు బాబుగారు.

"ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిలు వాక్యంలో ఉందండీ."

"ఉద్యోగం వదిలి వెళ్ళమని కూడా ఉందా మీ వాక్యంలో?"

"వెళ్ళొద్దని ఎక్కడా లేదండీ" అన్నారాయన, ఎంతో వినయంగా. బాబుగారితో సహా అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆయన నాతో రెండుసార్లు చెప్పారు, రాయి దింపమని. ఆయనే ఎందుకు దింపలేదని మీరడగొచ్చు. మా పనిలో ఒక కట్టుబాటుంది. ఆవిరి పట్టి నడుస్తున్న బాయిలరు డ్రైవరు సొత్తు. డ్రైవరు నోటితో చెప్పనిదే ఎంత పెద్ద ఫిట్టరైనా దాని మీద చెయ్యి వెయ్యడు. మొదటిసారి చెప్పినప్పుడు "చూద్దాంలెండి" అన్నాను. రెండోసారి "పూజ చేసిన రాయి కదండీ, బాబుగారు బాధపడతారు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ మాట ఆదివారం ఏలూరులో చెప్పు తమ్ముడూ, వినడానికి నేనూ వస్తాను" అన్నారు.

ప్రమాదాన్ని నాకంటే ముందు పసిగట్టింది కళ్ళంలో ఆడవాళ్ళ మేస్త్రమ్మ. బాయిలరు గది గోడకి ఆనుకునే సిమెంటు కళ్ళం. ఉడికిన ధాన్యాన్ని పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కాళ్ళతో కెలికి ఆరబెట్టే ఆడవాళ్ళు ముప్పై మందికి తక్కువ ఉండరు. చంటిపిల్లల్ని ఆ గోడ నీడలోనే పడుకోబెట్టుకునేవారు. ఒకరోజు ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి అడిగింది.

"ఏవండీ డ్రైవరుగారూ, మీ బాయిలరు ఈలెయ్యడం మానేసిందేంటండీ?"

"బుద్ధిగా ఉంటోందమ్మా."

"మా ఆయన కూడా అంతేనండీ. అరిచినన్నాళ్ళూ భయం లేదు. నోరు మూసుకున్నాడంటే ఆ రోజేదో కొంప ముంచుతాడు."

నవ్వేసి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. యంత్రం చదువుకున్నది నేను, కనిపెట్టింది ఆవిడ!

కొత్త పంట వచ్చింది. స్టేషనులో వ్యాగన్లు పెట్టించి, సాయంత్రానికల్లా సరుకు ఎక్కించాలని బాబుగారు హడావిడి పడుతున్న రోజు. పొద్దున్నుంచీ పొయ్యి నిండా ఊక దట్టించి మండిస్తున్నాం. ఇంజను ఊగిపోతోంది. మధ్యాహ్నానికి కాస్త ముందు పెటీల్‌మని శబ్దం. ఇంజను నుంచి మిల్లుకి తిరిగే పెద్ద బెల్టు తెగిపోయింది! నేను పరుగెత్తి ఇంజను కట్టేశాను.

మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. కింద పొయ్యి భగభగ మండుతోంది. పైన ఆవిరి తాగే ఇంజను ఆగిపోయింది. ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి?

ఫిట్టరుగారు బెల్టు కుట్టే సామానుతో వచ్చారు. వచ్చినవారు బెల్టు వైపు చూడలేదు. ఆవిరి ఒత్తిడి చూపించే గేజి వైపు చూశారు. ముల్లు ఎర్రగీత దాటి ఉంది. దాటి, ఇంకా జరుగుతోంది. బాబుగారు వెనకే వచ్చి, "ఎంతసేపు పడుతుందయ్యా బెల్టు?" అంటున్నారు.

"బెల్టు తర్వాతండీ. ముందు ఆ రాయి దింపాలి."

"పూజ చేసినదాన్ని ముట్టుకోకు. బెల్టు సంగతి చూడు."

ఫిట్టరుగారు నా వైపు తిరిగారు. ఎప్పుడూ తమ్ముడూ అనే మనిషి, యజమాని ముందు నా హోదాకి తగ్గట్టు పిలిచారు. "డ్రైవరుగారూ, మీరు చెప్పండి. దింపమంటారా?"

ఒక్క మాట చాలు. దింపండి, మూడే అక్షరాలు తెలుగులో. నేను బాబుగారి మొహం వైపు చూశాను.

అయ్యా, ఆ చూపు నన్ను ఇప్పటికీ సిగ్గుతో చంపుతోంది. గోడకి అవతల ముప్పై మంది ఆడవాళ్ళు. నీడలో పిల్లలు. నా చేతి కింద బాయిలరు. నేను చూసింది గేజి వైపు కాదు, యజమాని కనుబొమ్మల వైపు!

ఫిట్టరుగారు ఇంకోసారి అడగలేదు. జీవితమంతా పాటించిన కట్టుబాటుని పక్కనబెట్టి నిచ్చెన ఎక్కారు.

"ముట్టుకున్నావంటే నీకిక్కడ ఉద్యోగం లేదు!" బాబుగారు అరిచారు.

ఆయన చొక్కా జేబు తట్టి చూపించారు. అందులో ఏలూరు మిల్లు వాళ్ళు పిలిచిన ఉత్తరం ఉందని మా అందరికీ తెలుసు. "ఇక్కడ లేకపోతే ఇంకోచోట ఉందండీ" అని, దండ ఎండిపోయిన ఆ రాయిని రెండు చేతులా ఎత్తి కింద పడేశారు.

వాల్వు లేవలేదు.

అందరం పైకి చూస్తున్నాం. రాయి దిగిపోయింది, వాల్వు లేవాలి, ఈల వెయ్యాలి. చప్పుడు లేదు. మూడు నెలలుగా ఒక్కసారీ తెరుచుకోక అది బిగుసుకుపోయింది. కడ్డీని చేతికందినంత మేర పైకి ఎత్తి చూశారు ఫిట్టరుగారు. కదల్లేదు. సుత్తి అందుకుంటారేమో అనుకున్నాను. "దీన్ని కొడితే మనం మిగలం" అని దూకి కిందకొచ్చేశారు. అప్పుడు, ఎట్టకేలకు, నాకు మెలకువ వచ్చింది! ఎవరి మొహమూ చూడలేదు. గుమ్మంలోకి పరుగెత్తి కేక వేశాను.

"మేస్త్రమ్మా! అందర్నీ తీసుకుని రోడ్డు మీదికి పో! పిల్లల్ని ముందు ఎత్తుకోండి! ధాన్యం వదిలెయ్యండి!"

"వదిలేస్తే బాబుగారు..."

"బాబుగారితో నేను చెప్పుకుంటాను! పోండి!"

ఆ తర్వాత పది నిమిషాలు ఎలా గడిచాయో ఒక వరసలో చెప్పలేను. ఫిట్టరుగారు తొట్లకి వెళ్ళే ఆవిరి గొట్టాలన్నీ పూర్తిగా తెరిచేశారు. తొట్లలో నీళ్ళు కుతకుతలాడి పైకి ఎగిరాయి. నేను పొయ్యి తలుపు తీసి, పొడుగాటి పారతో మండుతున్న ఊకని బయటికి లాగాను. లాగుతుంటే కాళ్ళ మీద పడుతోంది. బాబుగారేం చేశారంటారా? నిజం చెప్పాలి, పారిపోలేదు. తడి గోనెలు తెచ్చి నేను లాగిన నిప్పు మీద పడేశారు. పంచె అంచు కాలింది. పొయ్యి నల్లబడింది. ముల్లు ఆగింది. ఆగి, వణికి, వెనక్కి రావడం మొదలుపెట్టింది. నాకు ఆనందంతో కేక వచ్చింది. పక్కన చూస్తే ఫిట్టరుగారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. ప్రార్థన! ఆ ఒక్కసారికి నేను వాదం పెట్టుకోలేదు.

చల్లారాక చూస్తే బాయిలరు అడుగు రేకుల అతుకు దగ్గర రివెట్లు కదిలి నీళ్ళు కారుతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే ఆ గోడా, కళ్ళమూ, మేమూ ఉండేవాళ్ళం కాదు. ఫిట్టరుగారు సామాను సర్దుకుని, వెళుతూ వెళుతూ బాయిలరు ఇన్‌స్పెక్టరుకి తంతి కొట్టారు.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు బాబుగారు నన్ను ఇంటికి పిలిపించారు. వరండాలో కుర్చీ వేయించారు. అంతకుముందెప్పుడూ ఆయన ముందు నేను కూర్చోలేదు. కాఫీ వచ్చింది.

"ఆ రాయి ఫిట్టరే తగిలించాడని ఒక్క మాట అనేస్తే సరిపోతుందయ్యా. అతను ఎలాగూ వెళ్ళిపోయే మనిషే. అతనికి పోవడానికి ఊళ్ళున్నాయి. నీకు నేనున్నాను."

ఎంత ప్రేమగా అన్నారో! నీకు నేనున్నాను. ఆ మాటకి కళ్ళు చెమర్చాయి నాకు. నిప్పులు చెరిగే నాకు! వరద, ఊకపొయ్యి, పరీక్ష ఖర్చు, అన్నీ గుర్తొచ్చాయి. నాకు ఇంకో చోటు లేదని కూడా గుర్తొచ్చింది. ఉప్పుటేరు ఉద్యోగంలో ఈపాటికి ఎవరో చేరిపోయారు. "అలాగేనండీ" అన్నాను. రాయి తగిలించమన్నప్పుడు అన్న మాటే, అదే గొంతు.

ఇన్‌స్పెక్టరు పొద్దుటి బండికి వచ్చాడు. కళ్ళజోడు, ఎండకి టోపీ, తక్కువ మాటలు. బాయిలరంతా తడిమి చూసి, బిగుసుకున్న వాల్వు విప్పించి, ఆఫీసు గదిలో కూర్చుని మొట్టమొదట అడిగింది ఇది: "డ్రైవరు సర్టిఫికెట్టు చూపించండి."

బాబుగారు ఇనప్పెట్టె తాళం తీశారు. ఇన్‌స్పెక్టరు కాగితం చదివి, తలెత్తి, "ఈ పేరు ఎవరిది?" అన్నాడు. నేను ముందుకొచ్చాను. "మీ సర్టిఫికెట్టు ఆయన పెట్టెలో ఎందుకుంది?" అని, జవాబు కోసం చూడకుండా నా చేతికిచ్చేశాడు.

మడత పెట్టి జేబులో పెట్టుకున్నాను. చెబితే నమ్మరు, నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

"రాయి ఎవరు తగిలించారు?"

బాబుగారు నా వైపే చూస్తున్నారు. పాపం, నమ్మకంగానే చూస్తున్నారు.

"నేనేనండీ. బాబుగారు తగిలించమన్నారు. తప్పని తెలిసీ తగిలించాను. దింపమని ఫిట్టరుగారు రెండుసార్లు చెప్పారు. నేను దింపలేదు. చివరికి దింపింది ఆయన."

ఇన్‌స్పెక్టరు అంతా రాసుకున్నాడు. రాసుకుని, చెయ్యి చాపాడు. "అది ఇలా ఇవ్వండి. ఆరు నెలలు మా దగ్గరే ఉంటుంది." ఇచ్చేశాను. నా కాగితం నా జేబులో ఉన్నది రెండు మూడు నిమిషాలు. నా జన్మలో నేను చెప్పిన అతి పెద్ద నిజం ఆ రెండు మూడు నిమిషాల్లోనే చెప్పాను. పఠనాలయం నాకు వాదించడం నేర్పింది. నిజం చెప్పడానికి కావలసినది అక్కడ దొరకలేదు.

బాబుగారు నన్ను తిట్టలేదు. "ఇంత చేశాను కదయ్యా" అన్నారు. అంతే. ఆ మాట నిజమే. ఆయన ఖర్చుతో నేర్చుకున్న విద్యతో ఆయన బాయిలర్నే పేల్చబోయాను కదా, అంతకంటే పెద్ద ద్రోహం ఇంకేం చెయ్యగలను?

ఆ సాయంత్రం బండెక్కి వట్లూరు వెళ్ళాను. ఫిట్టరుగారు ఇంటి ముందు కుర్చీ కోడు ఒకటి అతుకుతున్నారు.

"ఏలూరు మిల్లులో ఎప్పుడు చేరుతున్నారండీ?"

"ఆ చోటు పోయింది తమ్ముడూ. వాళ్ళు చేరమన్న తేదీ దాటి మూడు వారాలైంది."

నాకు అర్థం కాలేదు. "మరి ఆ రోజు జేబు తట్టి చూపించారు?"

"ఉత్తరం ఉంది కదా జేబులో. తేదీ దాటిందని బాబుగారికి చెప్పాలా ఏంటి?"

"మూడు వారాల ముందే ఎందుకు వెళ్ళిపోలేదండీ?"

ఆయన సుత్తి పక్కన పెట్టారు. "ఆ రాయి అక్కడుండగా ఎలా వెళ్ళమంటావు? గోడవతల అంతమంది ఉన్నారు. నువ్వేమో దింపవు. ఇవాళ దింపుతావు, రేపు దింపుతావు అని చూశాను."

పాసింజరు బండి! ఎక్కడా నిలవని మనిషి! మా మిల్లులో పని చేసేవాళ్ళ ప్రాణాల కోసం చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదులుకుని నిలబడింది ఆయన. ఒట్టు పెట్టుకుని, చక్రం మీద చెయ్యి వేసి, విశ్వాసపాత్రుడినని రొమ్ము విరుచుకున్న నేను ఒక్క మనిషి మొహానికి తప్ప దేనికీ కట్టుబడలేదు. ఎక్కడికైనా పోగలిగినవాడే అక్కడ నిజంగా నిలబడ్డాడు. నేను నిలబడలేదు, పోవడానికి చోటు లేక ఉండిపోయానంతే.

ఆయనకి నెల తిరక్కుండా ఇంకో మిల్లులో పని దొరికింది. ఆయనే చెప్పి నన్ను ఏలూరులో ఒకచోట పెట్టించారు, మళ్ళీ ఊక ఎగదోసే పనిలో. డ్రైవరు స్థాయి నుంచి కిందికి దిగాను. ఎంత హాయిగా దిగాననుకున్నారు! సర్టిఫికెట్టు తిరిగొచ్చాక డ్రైవర్నయ్యాను, తర్వాత ఎన్నో చోట్ల మారాను, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి ఇష్టంగా ఉన్నాను. ఎక్కడ చేరినా మొదటి వారంలో ఇంకో చోటికి దరఖాస్తు రాసేవాణ్ణి. యజమానులు కోప్పడ్డారు. పనిలో నా మాట కాదన్నవాళ్ళు మాత్రం తక్కువ.

మీలో కొందరు ఇప్పుడు అంటారు: అందరూ ఇలా గోడ మీద కాలేసుకుని కూర్చుంటే సంస్థలు ఎలా నడుస్తాయండీ? నేనడుగుతాను: నోరెత్తలేనివాళ్ళతో నడిచే సంస్థలు ఎక్కడికి నడుస్తున్నాయి? మంచి జీతం కోసం మారడం తప్పు కాదు, ఒకేచోట ముప్పై ఏళ్ళు ఉండడమూ తప్పు కాదు. వెళ్ళగలిగి కూడా ఉండండి. దాన్ని విశ్వాసం అంటాను. వెళ్ళలేక ఉండి, ఆ ఉండడానికి గంధం పూసి దండ వెయ్యకండి.

ఇప్పుడు ఈ పుస్తకం మూసి లేవండి. మీ చదువు కాగితాలు యజమాని బీరువాలో ఉంటే, రేపు తలుపు తెరవగానే వెళ్ళి అడిగి తెచ్చుకోండి. ఇవ్వనంటే, ఎందుకివ్వరో నలుగురి ముందు అడగండి. తెచ్చుకున్నాక ఇంకో చోటికి ఒక దరఖాస్తు రాసి టపాలో వెయ్యండి, వెళ్ళే ఉద్దేశం లేకపోయినా సరే. ఆ తర్వాత, తప్పని తెలిసీ మీ చేత్తో చేస్తున్న ఆ పని ఒకటుందే, అదేమిటో నాకు తెలియదు, మీకు బాగా తెలుసు. దాన్ని ఇక చెయ్యనని చెప్పండి. ఎవరి మొహమూ చూడకుండా, రేపే చెప్పండి.